పేలని ఓడ, పేలిన ఓడ, ఒక పాత పడవ

ఏటా ఏప్రిల్ రెండో వారం రాగానే గోదీ పేలుడు గురించి నేను నాలుగు మాటలు రాయడం, మీరు చదివి దండం బొమ్మ పెట్టడం అలవాటైపోయింది. ఈసారి నాలుగు మాటలతో అయ్యేలా లేదు. తీరిక చూసుకుని చదవండి.

దీనికి కారణం మా మేనల్లుడు. జెర్సీ సిటీలో ఉద్యోగం. పోయిన ఏడాది నేను రాసింది చదివి ఫోన్ చేశాడు. "మామయ్యా, నువ్వు చెప్పే బొంబాయి ఓడ లాంటిదే ఇక్కడ మా ఇంటికి దగ్గర్లో ఒకటి అంటుకుందట. అదీ నీ ఓడకు దాదాపు ఏడాది ముందు. కాకపోతే అది పేలలేదు. దాని మీద నీళ్ళు కొట్టిన పడవను మ్యూజియం చేశారు. ఆమధ్య నేను ఎక్కి చూశాను" అన్నాడు.

"పేలలేదు" అన్న మాట దగ్గర నా ఆలోచన ఆగిపోయింది. ఎనభై ఏళ్ళుగా మన ఇళ్ళల్లో "గోదీ పేలిన ఏడు" అని ఒక లెక్క ఉంది. ఫలానా వాడు గోదీ పేలిన ఏడు పుట్టాడు, ఫలానా పెళ్ళి గోదీ పేలిన మరుసటేడు అయింది అని. పేలకుండా ఆగిపోయిన గోదీ కూడా ఒకటి ఉంటుందని, దాన్నీ గుర్తుపెట్టుకునే వాళ్ళు ఉంటారని నాకు ఎప్పుడూ తోచలేదు. అప్పటినుంచి దొరికింది చదువుతూ వచ్చాను. చదివింది మీ ముందు పెడుతున్నాను.

ముందు ఆ పడవ సంగతి.

దాని పేరు ఫైర్ ఫైటర్. వీరుడి పేరూ కాదు, మేయరు పేరూ కాదు, చేసే పనే దాని పేరు. 1938 ఆగస్టులో న్యూయార్క్‌లోని స్టాటెన్ ఐలాండ్ షిప్‌యార్డులో నీటిలోకి దించారు. ఆ ఏడాది నవంబరులో న్యూయార్క్ ఫైర్ డిపార్ట్‌మెంటు కొలువులో చేరింది. 2010 వరకు, అంటే డెబ్బై ఏళ్ళకు పైగా పని చేసింది. పొడవు 134 అడుగులు, వెడల్పు 32 అడుగులు. మన భావుచా ధక్కా దగ్గర ఆగే పెద్ద లాంచీల పక్కన పెడితే అవి దీని పిల్లల్లా కనిపిస్తాయి.

దీన్ని గీసినవాడు విలియం ఫ్రాన్సిస్ గిబ్స్. ఓడల నిర్మాణంలో ఆ కాలంలో అమెరికాలో ఆయన్ని మించినవాడు లేడంటారు. ఫైరింజన్లంటే పిచ్చి, ఓడల్లో నిప్పంటే భయం. తర్వాత 1952లో ఆయన కట్టిన యునైటెడ్ స్టేట్స్ అనే మహానౌకలో కర్ర వాడకుండా ఎంత పట్టుబట్టాడో కథలు కథలుగా చెప్పుకుంటారు. అలాంటివాడు మంటలార్పడానికే ఒక పడవ కడితే ఎలా ఉంటుందో అలా ఉంది ఫైర్ ఫైటర్.

ఫైర్‌బోట్ గొప్పతనం మనలాంటి వాళ్ళకు వెంటనే అర్థం కాదు. చుట్టూ నీళ్ళే కదా, తోడి పోయడానికి ఇంత యంత్రం ఎందుకు అనిపిస్తుంది. ఇలా చూడండి. రోడ్డు మీద ఫైరింజను తెచ్చుకున్న నీళ్ళు కొన్ని నిమిషాల్లో అయిపోతాయి. తర్వాత హైడ్రెంటు కావాలి, హైడ్రెంటులో ఒత్తిడి ఉండాలి. ఫైర్‌బోట్‌కు ఆ బెంగ లేదు. కింద ఉన్న సముద్రమే దాని ట్యాంకు. పడవ అడుగు నుంచి నీటిని లాగి పైనున్న నీటిఫిరంగుల్లోంచి కొడుతుంది. ఫైర్ ఫైటర్ నిమిషానికి 20,000 గ్యాలన్లు కొట్టగలదు. మన లెక్కలో సుమారు 75,700 లీటర్లు. ఎండాకాలంలో మన సొసైటీలకు వచ్చే పెద్ద ట్యాంకరు పదివేల లీటర్లది అనుకుంటే, నిమిషానికి ఏడున్నర ట్యాంకర్లన్నమాట.

అంత నీళ్ళు ముందుకు కొడితే పడవ వెనక్కి పోతుంది. తుపాకీ పేల్చినవాడి భుజం వెనక్కి పోయినట్టే. అందుకని నీళ్ళు కొడుతున్నంతసేపూ పడవ ఒకచోట నిలబడడానికి ప్రొపెల్లర్లు తిరుగుతూనే ఉండాలి. గిబ్స్ దీనికి డీజిల్ ఇంజన్లతో కరెంటు పుట్టించి, ఆ కరెంటును అవసరాన్ని బట్టి పంపులకూ ప్రొపెల్లర్లకూ పంచే ఏర్పాటు చేశాడు. పరుగెత్తేటప్పుడు బలమంతా పరుగుకు, మంట దగ్గర నిలబడ్డాక నీళ్ళకు.

ఇంత బలమున్న పడవ మొదటి పెద్ద పరీక్షలో ఏం చేసిందో చెబితే ఆశ్చర్యపోతారు. మ్యూజియం కథ కదా, గెలుపుతో మొదలవుతుందనుకున్నాను. కాదు.

1942 ఫిబ్రవరి 9. న్యూయార్క్ రేవులో నార్మండీ అనే ఫ్రెంచి ఓడ. ప్రపంచంలోకెల్లా అందమైన ఓడల్లో ఒకటి. యుద్ధం కోసం అమెరికా దాన్ని స్వాధీనం చేసుకుని సైనికులను మోసే ఓడగా మారుస్తోంది. లోపల గ్యాస్‌తో ఇనుము కోస్తుంటే నిప్పురవ్వలు ఎగిరి అక్కడ గుట్టగా పోసిన లైఫ్ జాకెట్ల మీద పడ్డాయి. వాటి నిండా బూరుగుదూది లాంటి దూది. అంటుకుంది. ఒడ్డున ఫైరింజన్లు, నీటి మీద ఫైర్‌బోట్లు, వాటిలో ఫైర్ ఫైటర్ కూడా, గంటల తరబడి నీళ్ళు కొట్టాయి. మంట అదుపులోకి వచ్చింది. కానీ పోసిన నీళ్ళు ఎక్కడికి పోతాయి? ఓడ పై అంతస్తుల్లోనే నిలిచిపోయాయి. ఆ బరువుకు ఓడ ఒక పక్కకు ఒరగడం మొదలుపెట్టింది. ఆ ఓడను గీసిన ఇంజినీరు వ్లాదిమిర్ యుర్కేవిచ్ ఆ రోజు న్యూయార్క్‌లోనే ఉన్నాడు. పరుగున వచ్చి, అడుగున కవాటాలు తెరిచి ఓడను నిటారుగా రేవు బురదలో కూర్చోబెట్టండి, అది ఒరగదు అని చెప్పాడు. ఆయన మాట పట్టించుకోలేదు. తెల్లవారుజామున నార్మండీ పక్కకు పడిపోయింది. మంట నుంచి కాపాడిన ఓడను నీళ్ళతో పోగొట్టుకున్నారు.

నీళ్ళు ఎంత ఉన్నా, వాటిని ఎక్కడ, ఎంత, ఎప్పటిదాకా పోయాలో చెప్పేవాడు ఒకడు ఉండాలి. ఆ చెప్పేవాడి మాట మిగతావాళ్ళు వినాలి. నార్మండీ దగ్గర జరగనిది అదే. ఇది గుర్తుపెట్టుకోండి, ముందుముందు అవసరం.

పద్నాలుగు నెలలు దాటాక అసలు పరీక్ష వచ్చింది.

1943 ఏప్రిల్ 24, శనివారం. మర్నాడు ఈస్టర్ పండుగ. న్యూయార్క్ నీళ్ళకు అవతలి ఒడ్డున, జెర్సీ సిటీలోని కేవెన్ పాయింట్ రేవుగట్టు. ఇవాళ మన తెలుగు కుటుంబాలు ఎన్నో కాపురముంటున్న ఊరే. యుద్ధానికి పంపే మందుగుండును ఓడలకెక్కించే చోటు అది. ఆ సాయంత్రం ఎల్ ఎస్తేరో అనే పాత సరుకుల ఓడలో 1,365 టన్నుల బాంబులు, మందుగుండు నింపడం పూర్తయింది. పక్కన మరో రెండు మందుగుండు ఓడలు. గట్టు మీద మందుగుండుతో నిండిన రైలు పెట్టెలు. అన్నీ కలిపితే సుమారు 5,000 టన్నులు.

సాయంత్రం అయిదు దాటాక ఎల్ ఎస్తేరో బాయిలరు నుంచి మంట ఎగదన్నింది. ఇంజను గది అడుగున నీళ్ళ మీద తేలుతున్న నూనె అంటుకుంది. నిమిషాల్లో ఆ గదిలో మనిషి నిలబడలేని పరిస్థితి. అలాంటి ఓడను ముంచేయాలంటే అడుగున కవాటాలు తెరవాలి. ఆ కవాటాలు ఉన్నది మంట మధ్యలోనే.

అక్కడివాళ్ళకు దాని అర్థం బాగా తెలుసు. 1917లో కెనడాలోని హాలిఫాక్స్ రేవులో ఒక మందుగుండు ఓడ పేలి సుమారు రెండువేల మంది పోయారు. అంతకు ముందేడు ఇదే జెర్సీ సిటీలో, బ్లాక్ టామ్ అనే చోట మందుగుండు నిల్వలు పేలితే లిబర్టీ విగ్రహం కూడా దెబ్బతింది. ఆ విగ్రహం కాగడాలోకి సందర్శకులు ఎక్కడం అప్పటితో ఆగిపోయింది.

కోస్ట్ గార్డ్ అధికారి లెఫ్టినెంట్ కమాండర్ జాన్ స్టాన్లీ ఓడ మీద పగ్గాలు తీసుకున్నాడు. కోస్ట్ గార్డ్ కుర్రాళ్ళు, రావాలనుకున్నవాళ్ళే రండి అంటే, వెనకాడకుండా ఓడెక్కారు. ఫైర్ ఫైటర్, దానికన్నా ఏడేళ్ళు పెద్దదైన జాన్ జె. హార్వీ, ఈ రెండు ఫైర్‌బోట్లు వచ్చి పక్కన చేరాయి. అప్పుడు తీసుకున్న నిర్ణయం ఒక్కటే. మంట ఆరుతుందా లేదా అన్నది తర్వాత చూద్దాం, ముందు ఈ ఓడను జనం నుంచి, మిగతా మందుగుండు నుంచి దూరంగా లాగేయాలి. లాగి, నడిసముద్రంలో ముంచేయాలి.

టగ్ పడవలు తాళ్ళు కట్టి లాగాయి. ఫైర్ ఫైటర్, హార్వీ పక్కనే అంటిపెట్టుకుని నీళ్ళు కొడుతూ నడిచాయి. ఆ నీళ్ళు కొట్టడంలో రెండు పనులున్నాయి. ఒకటి, బాంబులు వేడెక్కకుండా చల్లబరచడం. రెండు, ఓడను నింపి ముంచడం. నార్మండీని పడగొట్టిన నీళ్ళ బరువునే ఇక్కడ ఆయుధం చేసుకున్నారు. ఈ లోపల చుట్టుపక్కల ఊళ్ళకు పేలుడు హెచ్చరికలు వెళ్ళాయి. రాత్రి తొమ్మిది దాటాక, రాబిన్స్ రీఫ్ లైట్‌హౌస్ దగ్గర్లో, సుమారు నలభై అడుగుల లోతు నీళ్ళలో ఎల్ ఎస్తేరో అడుగంటింది. ఒక్క ప్రాణం పోలేదు.

మర్నాడు న్యూయార్క్, న్యూజెర్సీ జనం చర్చీలకు వెళ్ళి పండుగ చేసుకున్నారు. తమకు ఏం తప్పిందో చాలామందికి తెలియదు. జరగని ఆపద గురించి ఎవరు మాట్లాడుకుంటారు?

ఇక మన సంగతి.

ఫోర్ట్ స్టికీన్ ఓడ 1944 ఫిబ్రవరి 24న ఇంగ్లండులోని బర్కెన్‌హెడ్ నుంచి బయల్దేరింది. కరాచీ మీదుగా ఏప్రిల్ 12న బొంబాయి విక్టోరియా గోదీలో లంగరేసింది. లోపల సుమారు 1,400 టన్నుల మందుగుండు. ఎల్ ఎస్తేరోలో 1,365 టన్నులు, ఇందులో సుమారు 1,400. తూకం వేసి పంపినట్టుంది. అదనంగా బంగారు కడ్డీలు. కరాచీలో ఎక్కించిన వేల పత్తి బేళ్ళు, నూనె పీపాలు. పత్తి, నూనె, మందుగుండు ఒకే ఓడలో. మిల్లులో చీపురు పట్టే కుర్రాడు కూడా పత్తి పక్కన నూనె గుడ్డ పెట్టడు.

ఏప్రిల్ 14 మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో పొగ బయటపడింది. రెండో నంబరు గదిలో పత్తి అంటుకుంది. ఫైర్ బ్రిగేడ్ వచ్చింది. ఫైర్‌బోట్లు కూడా వచ్చాయి. బొంబాయికి ఫైర్‌బోట్లు లేవని అనుకోకండి, ఉన్నాయి. 900 టన్నులకు పైగా నీళ్ళు ఓడలోకి కొట్టారు. పొగ దట్టంగా ఉండి మంట ఎక్కడుందో కనిపించలేదు. కొట్టిన నీళ్ళు లోపల కుతకుత ఉడికాయి.

గట్టు మీద అధికారుల మధ్య మాటలు నడుస్తూనే ఉన్నాయి. ఓడను గోదీ బయటికి లాగేద్దామని ఒకరు. ఉన్నచోటే ముంచేయాలని మరొకరు. గోదీలో లోతు చాలదు, ముంచినా మందుగుండు గది నీటిపైనే ఉంటుందని ఇంకొకరు. నీళ్ళు కొట్టి ఆర్పేద్దామని వేరొకరు. ఎవరి మాట చెల్లాలో తేలలేదు. రెండు గంటలు గడిచాయి. 4:06కు ఓడ పేలింది. అరగంట లోపలే రెండోసారి, అంతకన్నా గట్టిగా పేలింది.

ఆ తర్వాతి సంగతి మీకు తెలిసిందే. గోదీలోని ఓడలు ముక్కలయ్యాయి. జలపద్మ అనే ఓడ ఎగిరి గట్టెక్కింది. వెయ్యి మైళ్ళ అవతల సిమ్లాలో భూకంపాలు కొలిచే యంత్రం కదిలింది. కాలుతున్న పత్తి ఊరి మీద వర్షంలా కురిసింది. మంటలు అదుపులోకి రావడానికి మూడు రోజులు పట్టింది. ఎనభై వేల మందికి ఇల్లు లేకుండా పోయింది. చనిపోయినవాళ్ళు 800 అని ఒక లెక్క, 1,300 అని ఇంకో లెక్క. పైపులు పట్టుకున్నచోటే 66 మంది ఫైర్‌మెన్ పోయారు. యుద్ధకాలపు సెన్సారు వల్ల మన పత్రికల్లో ఈ వార్త రావడానికి మే రెండో వారం దాకా ఆగాల్సి వచ్చింది. జపాను వాళ్ళ చేతిలో ఉన్న సైగాన్ రేడియో మాత్రం మర్నాడే చెప్పేసింది.

మా నాయనమ్మ అప్పుడు కామాటిపురాలో ఒక చాల్‌లో ఉండేది. తాత మిల్లు పని. ఆవిడ చెప్పిన మాటలు నాకు ఇప్పటికీ అలాగే గుర్తున్నాయి. "మొదటిపారి దేవుని పటాలు గోడల నుంచి కింద పడ్డయి. భూకంపమనుకొని పిల్లలను పట్టుకొని బయటికురికినం. జరసేపయినంక లోపలికొచ్చి పటాలు ఏరి నిలవెట్టినం. మళ్ళ పడ్డయి. అప్పుడు మొగులు మీదికెల్లి మంటలు రాలినయి. పత్తిని నమ్ముకొని ఊరు ఇడిసి వచ్చినోళ్ళం, పత్తే అంటుకొని మీద పడ్డది."

న్యూయార్క్‌లో నిలబడి చూస్తే, ఇక్కడివాళ్ళకు చేతకాలేదు అనిపించవచ్చు. అలా అనడం అన్యాయం. ధైర్యం ఎక్కడా తక్కువ కాలేదు. ఆ 66 మంది ఓడలో ఏముందో తెలిసీ పైపు వదల్లేదు. యంత్రాల తేడా కొంత ఉంది. రెండు గంటల్లో ఇక్కడ పోసిన 900 టన్నుల నీళ్ళను ఫైర్ ఫైటర్ పూర్తి బలంతో పన్నెండు నిమిషాల్లో పోయగలదు. చోటు తేడా కూడా ఉంది. కేవెన్ పాయింట్ గట్టు తెరిచిన నీటి మీద ఉంది, తాడు కట్టి లాగితే ఓడ కదిలింది. విక్టోరియా గోదీ అంటే గోడల మధ్య కట్టిన నీళ్ళ తొట్టి, తలుపులున్న తొట్టి. అలాంటి తొట్టిలోకి, ఊరి నడుమకు, అంత మందుగుండును తెచ్చి పెట్టడమే మొదటి తప్పు. అది ఫైర్ బ్రిగేడ్ చేసిన తప్పు కాదు.

అన్నిటికన్నా పెద్ద తేడా ఇంకొకటి. అక్కడ ఓడను వదులుకోవడానికి ఒకడు సిద్ధపడ్డాడు. సరుకు పోతుంది, ఓడ పోతుంది, పోనీ, ఊరు మిగలాలి అన్న మాట చెప్పే అధికారం ఒకరి చేతిలో పెట్టారు. ఇక్కడ చివరి నిమిషం దాకా ఓడనూ సరుకునూ కాపాడాలనే చూశారు. ఆ మాట చెప్పే అధికారం ఎవరిదో తెలియకుండానే రెండు గంటలు కరిగిపోయాయి. నార్మండీలో న్యూయార్క్ చేసిన తప్పు ఇదే. పద్నాలుగు నెలల తర్వాత ఆ ఊరు దాన్ని దిద్దుకుంది. ఆ పాఠం ఇంకో ఏడాదికి మన రేవు దాకా చేరలేదు.

ఫైర్ ఫైటర్ తర్వాతి కథ త్వరగా చెబుతాను. 1973 జూన్ 2, అర్ధరాత్రి దాటాక, సీ విచ్ అనే కంటైనరు ఓడ స్టీరింగు చెడిపోయి అదుపు తప్పి, లంగరేసి ఉన్న ఎస్సో బ్రసెల్స్ అనే ముడిచమురు ఓడను గుద్దింది. చమురు నీటి మీద పరుచుకుని అంటుకుంది. కాలుతున్న నీళ్ళలోంచి దారి చేసుకుంటూ వెళ్ళి, సీ విచ్ వెనక భాగంలో చిక్కుకున్న ముప్పై మంది దాకా కళాసీలను ఫైర్ ఫైటర్ దించుకొచ్చింది. దానికి అమెరికా ప్రభుత్వం గాలంట్ షిప్ అవార్డు ఇచ్చింది. 1989లో, ఇంకా డ్యూటీలో ఉండగానే, జాతీయ చారిత్రక చిహ్నంగా గుర్తించింది.

2001 సెప్టెంబరు 11న జంట భవనాలు కూలినప్పుడు భూమిలోని నీటి గొట్టాలు పగిలి హైడ్రెంట్లు ఎండిపోయాయి. అప్పుడు ఫైర్‌బోట్లే ఒడ్డుకు ఆనుకుని నది నీళ్ళను పైపులతో పైకి పంపాయి. వాటిలో ఫైర్ ఫైటర్ ఉంది. ఎల్ ఎస్తేరో రోజున తన పక్కన నిలబడిన హార్వీ కూడా ఉంది. హార్వీ కథ వినాలి. 1990ల్లోనే దాన్ని రిటైర్ చేశారు. 1999లో వేలానికి పెడితే తుక్కు కింద పోవాల్సింది. కొందరు స్నేహితులు చందాలేసుకుని కొని, సొంత చేతులతో బాగుచేసుకుని, జనాన్ని ఎక్కించి తిప్పుతుండేవారు. ఆ రోజు ఒడ్డున చిక్కుకున్నవాళ్ళను తీసుకెళ్తుంటే ఫైర్ డిపార్ట్‌మెంటు నుంచి కబురొచ్చింది, జనాన్ని దించేసి వెనక్కి రండి, నీళ్ళు కావాలి అని. డెబ్బై ఏళ్ళ ముసలి పడవ, మ్యూజియంగా మారిన పడవ, 80 గంటలు నీళ్ళు తోడింది. పనికిరాదని పక్కన పెట్టినదాన్ని ఎవరో కొందరు ఊరికే, ప్రేమకొద్దీ, నడిచే స్థితిలో ఉంచారు కాబట్టి.

ఫైర్ ఫైటర్ 2010లో రిటైరైంది. 2012లో ఒక స్వచ్ఛంద మ్యూజియం సంస్థ చేతికి వచ్చింది. లాంగ్ ఐలాండ్‌లోని గ్రీన్‌పోర్ట్ గట్టు దగ్గర జనం ఎక్కి చూసేలా పెట్టారు. ఇంజను గదిలోకి దిగవచ్చు, నీటిఫిరంగి దగ్గర నిలబడవచ్చు. మా మేనల్లుడు చెప్పిందాంట్లో నాకు నచ్చింది ఇది. అక్కడ తుప్పు గీకేవాళ్ళు, రంగు వేసేవాళ్ళు, ఇంజనుకు నూనె పట్టించేవాళ్ళు అందరూ జీతం లేని వాలంటీర్లే. ఇనుప పడవను నీటిలో కాపాడడమంటే ఏటా చేయాల్సిన పని. ఒక ఏడాది మానేస్తే తుప్పు తినేస్తుంది.

మనకేం మిగిలింది? బైకుల్లాలోని ఫైర్ బ్రిగేడ్ ప్రధాన కేంద్రంలో 66 మంది స్మారకం ఉంది. వాళ్ళ పేరు మీదే ఏప్రిల్ 14 దేశమంతటికీ ఫైర్ సర్వీస్ దినం అయింది, 20 దాకా వారం జరుపుతారు. అది గొప్ప సంగతి. ఆ రోజు బాబాసాహెబ్ జయంతి కూడా కావడంతో దాదర్ వైపు వెళ్ళే మనవాళ్ళు చాలామంది, దారిలో బైకుల్లా దగ్గర ఒక్క నిమిషం ఆగి దండం పెట్టుకోవచ్చు. కానీ విక్టోరియా గోదీ మాత్రం లేదు. కంటైనర్ల యార్డు కోసం ఆ తొట్టిని పూడ్చేశారు. పేలుడు జరిగిన నీళ్ళు కూడా ఇప్పుడు లేవు.

ఇంకొక లెక్క కూడా ఉంది. పేలుడు తర్వాత గోదీలను మళ్ళీ నడిపించడానికి 8,000 మంది ఏడు నెలలు పనిచేసి సుమారు అయిదు లక్షల టన్నుల శిథిలాలు ఎత్తారు. తట్ట, పార, తల మీద గుడ్డ. అలాంటి పనికి ఈ ఊళ్ళో ఎవరు పోతారో మనకు చెప్పక్కర్లేదు. కామాటిపురాకు ఆ పేరు వచ్చిందే నిజాం రాజ్యం నుంచి మట్టిపనికి, కట్టుబడి పనికి వచ్చిన మన కామాటీల వల్ల. ఆ ఎనిమిది వేలమందికి ఒక ఫలకం నేను ఎక్కడా చూడలేదు.

ఇప్పుడు అసలు మాట. మా తాతకు ఒక తమ్ముడు ఉండేవాడు. గోదీలో హమాలీ. ఆ రోజు మధ్యాహ్నం సద్ది కట్టుకుని పోయినవాడు తిరిగి రాలేదు. నాయనమ్మ ఈ సంగతి నాకు ఒక్కసారే చెప్పింది. నాకు అప్పుడు పదహారేళ్ళు, పరీక్షల తొందర, మళ్ళీ అడగలేదు. ఆయన ఫొటో లేదు. ఏ కాగితం మీదా ఆయన పేరు లేదు. 800కూ 1,300కూ మధ్య అయిదు వందల తేడా ఉందే, రోజుకూలీకి పోయి ఏ హాజరు పట్టీలోనూ లేనివాళ్ళతో నిండిన తేడా, ఆయన అందులో ఎక్కడో ఉన్నాడని నేను అనుకుంటాను. ఆయన పేరు మల్లయ్య. ఇది నేను రాతలో పెట్టడం ఇదే మొదటిసారి.

అక్కడ ఎవరూ చనిపోని ఒక సాయంత్రం కోసం పడవను నిలబెట్టుకున్నారు. మనకు పడవ లేదు, గోదీ లేదు. ఉన్నదల్లా ముసలివాళ్ళ నోటిమాట. అదీ ఎంతకాలం? 1944లో పదేళ్ళున్నవాళ్ళు ఇవాళ తొంభై దాటారు. వాళ్ళ దగ్గర విన్న పిల్లలే అరవైలు, డెబ్బైల్లో ఉన్నారు. నేనూ అందులో ఒకడిని.

అందుకని ఈ ఏడాది పుష్పగుచ్ఛంతో సరిపెట్టవద్దని మన సంఘంలో అడగబోతున్నాను. వర్లీలో, కామాటిపురాలో, సైన్ దాకా, ఎక్కడెక్కడ మన ముసలివాళ్ళున్నారో అక్కడికి ఇద్దరిద్దరు కుర్రాళ్ళు ఫోను పట్టుకుని వెళ్ళాలి. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు, వాళ్ళ యాసలోనే రికార్డు చేయాలి. ఇంట్లో ఆనాటి గోదీ బిళ్ళ ఉన్నా, కాలిన బట్ట ఉన్నా, ఉత్తరం ఉన్నా ఫొటో తీయాలి. ఊళ్ళకు తిరిగిపోయిన కుటుంబాలను కూడా అడగాలి. నల్లగొండలో, పాలమూరులో, కరీంనగర్‌లో ఎన్ని ఇళ్ళల్లో "గోదీల పోయిండు" అన్న ఒక్క ముక్క మిగిలి ఉందో. పోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటిగా ఒక పుస్తకంలోకి ఎక్కించాలి. సంఘం గదిలో ఒక బీరువా చాలు. అదే మన మ్యూజియం.

తుప్పు గీకడం లాంటి పనే ఇదీ. ఒక ఏడాది మానేస్తే పోతుంది.

మొదటి పేరు నేను ఇచ్చాను. మీ ఇంట్లో ఎవరున్నారో అమ్మనో నాయననో ఈ రాత్రే అడగండి. పేరు తెలిస్తే నాకు ఫోను చేయండి, ఎంత రాత్రయినా ఫరవాలేదు.